కమాండర్ థ్వైట్ దించేసిన వాళ్లు

ప్రయాణానికొక మనిషిని పడవలోంచి దించేయనిదే కమాండర్ ఆంబ్రోస్ థ్వైట్‌కి తోచేది కాదు. ఇంగ్లండులోని హల్ రేవులో ఈ సంగతి తెలియనివాడు లేడు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. జర్మన్ల కాపలా దాటి స్వీడన్ వెళ్లి, యుద్ధ విమానాలకి బాల్ బేరింగులు నింపుకొని రావాలి. అలాంటి పనికి చేయి తిరిగిన మనిషిని, తీరా తాళ్లు విప్పే వేళకి గట్టు మీదికి తోసేసేవాడు. కారణాలు వింటే కడుపు మండేది.

వంటవాడు విల్ఫ్‌ని దించింది సూప్ జుర్రినందుకు. "నువ్వు జుర్రితే డెన్మార్క్ దాకా వినబడుతోంది, దిగు!" తాళ్లు చూసే నెడ్‌ని చెవులు పెద్దవైనందుకు. "నేను చుక్కాని ఒకవైపు తిప్పితే, గాలికి నీ చెవులు పడవని ఇంకోవైపు తిప్పుతున్నాయి!"

ఈసారి వంతు ఇంజన్ చూసే వాల్ట్ బ్లెంకిన్‌ది.

"నీ తుమ్ము నాకు నచ్చలేదు," అన్నాడు కమాండర్.

"నేను తుమ్మలేదు సార్!"

"తుమ్మేలా ఉన్నావు. దిగు."

వెనకాలే అతని సంచీ వచ్చి గట్టు మీద పడింది. వాల్ట్ అన్నలిద్దరూ ఈ యుద్ధంలోనే సముద్రం పాలయ్యారు. వాళ్ల హెసెల్ రోడ్డంతా చేపల పడవల వాళ్లే. ఒడ్డున మిగిలిపోయిన మగవాణ్ని ఆ వీధి బతకనివ్వదు.

"ఏరా వాల్టూ, కాళ్లు వణికాయా?" అన్నాడు దారిలో చేపల బండివాడు.

"కాళ్లు కాదురా! ఆ ముసలాడికి బుర్ర చెడింది. తుమ్మేలా ఉన్నానట!"

"ఓహో, థ్వైట్ గాడి పనా? అయితే నువ్వేం చేస్తావులే," అని బండివాడు జాలిపడ్డాడు.

ఇంటి తలుపు తీయగానే కాళ్ల కింద సబ్బునీళ్లు. అమ్మ తొట్టి ముందు కూర్చుని అతని చొక్కా ఉతుకుతోంది.

మనిషి సముద్రం మీదికి వెళ్లేరోజు ఇంట్లో గుడ్డ తడిపితే అల వచ్చి అతన్ని ఊడ్చుకుపోతుందని ఆ వీధి నమ్మకం. అన్నలు వెళ్లిన రోజుల్లో అమ్మ చేతిరుమాలు కూడా తడపలేదు. అయినా వాళ్లు తిరిగి రాలేదు.

"నేను వెళ్లేరోజు ఉతుకుతావా అమ్మా? నేనూ పోవాలనా?"

"నువ్వు వెళ్లవుగా!" అనేసి ఆవిడ నాలిక్కరుచుకుంది.

"నీకెలా తెలుసు?"

ఇక దాచలేకపోయింది. "నిన్న మీ కమాండరే వచ్చాడురా. టీ తాగి, ఛీ బాగాలేదన్నాడు. ఇద్దర్ని పోగొట్టుకున్నదాని దగ్గర మూడోవాణ్ని తీసుకెళ్లలేను అన్నాడు."

"ఆ మాటేదో నాతో అనొచ్చుగా?"

"అంటే దిగేవాడివా? దిగినా వీధిలో తలెత్తుకునేవాడివా? నన్ను పిచ్చోడన్నా పరవాలేదు, వాణ్ని పిరికివాడనకూడదు అన్నాడు. విల్ఫ్ పెళ్లానికీ ఇలాగే చెప్పి వెళ్లాడట."

"మరి నా బదులు ఎవరు ఎక్కారు?"

"ఎవరూ లేరు. ఆ పనీ తనే చూసుకుంటాడట."

వాల్ట్ రేవుకి పరిగెత్తాడు. పడవ అప్పటికే వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. దాన్ని జర్మన్లు పట్టుకున్నారు. ఇద్దరు చచ్చిపోయారు, మిగిలినవాళ్లని ఖైదీల శిబిరంలో పడేశారు. తానుంటే ఇంజన్ ఇంకాస్త వేగంగా పరిగెత్తేదేమో అన్న ఆలోచన వాల్ట్‌ని ఏడాదిన్నర పాటు కోసుకుతింది. బ్రతికి ఉన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసేది. అయినా కమాండర్ పేరెత్తితే చాలు, ఆయన కోరుకున్నట్టే నలుగురిలో దుమ్మెత్తిపోసేవాడు.

యుద్ధం ముగిశాక శిబిరం నుంచి విడుదలై ఒకరోజు హల్ స్టేషన్లో కమాండర్ దిగాడు. మనిషి సగమైపోయాడు. ఆయన దించేసిన వాళ్లు ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడి, జనమంతా వినేలా ఒకరి తర్వాత ఒకరు తిట్టారు. కమాండర్ టోపీ తీసి చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. వరసంతా ఒకసారి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"ఒకడు తగ్గాడు. నెడ్ ఏడి?"

"వాడి పెళ్లానికి నొప్పులొస్తున్నాయి సార్," అన్నాడు వాల్ట్. "రేపొచ్చి తిడతానన్నాడు."

కమాండర్ టోపీ మళ్లీ తలమీద పెట్టుకున్నాడు.

"పొద్దున్నే రమ్మను," అన్నాడు.