తరుగు లేని ఇరవై కిలోలు

నిన్న కొవ్వూరు వంతెన మీద మా ముందు వెళ్తున్న లారీ మీద కప్పిన, వానకి తడిసి ఎండకి ఆరుతున్న బరకం వాసన వచ్చింది. తారూ, గడ్డీ, పాత ధాన్యం దుమ్మూ కలిసిన ఆ వాసన చాలామందికి నచ్చదు. నాకు తొంభైల్లో ఒక వేసవి, మా సత్యత్త మస్కట్ ప్రయాణం గుర్తొచ్చాయి.

నాన్నగారిది ధాన్యం కొట్టు. దాళ్వా కోతలయ్యాక మా అరుగు నిండా బస్తాలుండేవి. వాటి మీదెక్కి దాగుడుమూతలాడితే మెడంతా దురద. మధ్యాహ్నం మామ్మ కలిపే ఆవపిండి ఘాటు వీధి వరకూ వచ్చేది. వీటన్నిటి వెనక, పెరటి వసారాలో అత్త కుట్టుమిషను చప్పుడు పొద్దస్తమానం వినిపిస్తూ ఉండేది. అత్త నాన్నగారి చెల్లెలు, ఊళ్ళో సగంమందికి జాకెట్లు కుట్టేది. మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న మావయ్య ఆ ఏడు వీసా పంపిస్తూ, ఇక్కడ నువ్వు ఏ పనీ చెయ్యక్కర్లేదన్నాడు. అత్తకి ఆ మాటే నచ్చలేదు.

"కూర్చోబెట్టి అన్నం పెడతానంటే వెళ్ళాలా? ఇక్కడ అన్నం లేకనా?" అంది. తొక్కుడుబల్ల వదిలేసినా మిషను తల మాత్రం తనతో రావాలంది. అది లేకపోతే ఆ దేశంలో తను ఫలానావారి భార్య మాత్రమే. ఉంటే అక్కడా దర్జీయే.

విమానంలో మనిషికి ఇరవై కిలోల సామాను, చేతిసంచి వేరే. తూకం గురించి నాన్నగారికి ఒకరు చెప్పాలా? మిషను తల, చీరలు, ఆవకాయ సీసాలు కొట్లోని కాటా మీద సరిగ్గా ఇరవైకి తూచి, రాజమండ్రిలో కొన్న గట్టి సూట్‌కేసులో సర్దించారు. పెట్టెను తూచలేదు. ధాన్యం తూచాక గోనె బరువు తీసేస్తారు, దాన్నే తరుగంటారు. విమానాలవాళ్ళూ తీస్తారనే ఆయన నమ్మకం. ఎంత తీస్తారో కనుక్కుందామని టిక్కెట్ల ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆ రోజుల్లో అవతలి గొంతు గదంతా వినపడేది.

"పెట్టెకి తరుగెంత తీస్తారండీ?"

"తరుగేంటండీ?"

"అదేనండీ, ఖాళీ పెట్టె బరువు."

"పెట్టెతో కలిపే ఇరవయ్యండి."

"పెట్టె నాదండీ. దాని బరువుతో మీకేం పని?"

"మోసేది మా విమానమండి."

పెట్టెను కాటా ఎక్కిస్తే అదొక్కటే అయిదు కిలోలు దాటింది. అందరూ మిషను వైపు చూశారు.

"ఆ ఇనపముక్క తీసెయ్యండి, ఆవకాయ పోనివ్వండి," అంది మామ్మ.

"ఆవకాయ ఎన్నాళ్ళు తింటామమ్మా?"

"మిషను ఎన్నాళ్ళు తొక్కుతావే?"

"ఓపికున్నన్నాళ్ళు," అని అత్త సామానంతా బయటికి తీసి, ఖాళీ పెట్టెను గోడవారకి నెట్టింది. "తీసెయ్యాల్సింది దీన్ని, అన్నయ్యా."

కొట్లోంచి పాత బరకం ముక్క తెచ్చి, ఉతికి, రెండు మడతలు వేసి సంచి కుట్టడం మొదలుపెట్టింది. సూదులు విరిగాయి. మిషను తన సంచి తనే కుట్టుకుంటోందని మేం నవ్వాం. నాన్నగారు మాత్రం నవ్వలేదు. "బరకం సంచితో విమానమెక్కితే నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అన్నారు. "ధాన్యమనుకుంటారు, తరుగు తీస్తారేమోలే," అంది అత్త. చీరలన్నీ మిషను చుట్టూ చుట్టి సంచిలో పెట్టింది. కాటా ఇరవై లోపు చూపించేవరకూ ఆవకాయ సీసాలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. చివరికి ఒక్కటి మిగిలింది. బరువులేని పిండివంట ఇదొక్కటే అంటూ మామ్మ చేతిసంచిలో పూతరేకులు పెట్టింది.

హైదరాబాదు విమానాశ్రయంలో మమ్మల్ని అద్దం ఇవతలే ఆపేశారు. మెరిసే పెట్టెల వరసలో అత్త సంచి ఒక్కటే గోధుమరంగులో ఉంది. దాన్ని తూకం మీద పెట్టడం కనిపించింది గానీ అంకె కనిపించలేదు. నాన్నగారు అద్దానికి ఆనుకుని చూస్తున్నారు. సంచి లోపలికి కదిలిపోయింది. అత్త చేతిసంచి భుజాన వేసుకుని, మా వైపు తిరిగి ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపించింది. నాన్నగారు పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషితో, "తరుగు తియ్యకుండానే పోయిందండి," అన్నారు.

మస్కట్‌లో మొదట పక్క గదుల ఆడవాళ్ళు, తర్వాత ఆ వీధివీధంతా అత్త కుట్టిన జాకెట్లే తొడుక్కున్నారు. మావయ్య ఉద్యోగం పోయిన ఏడాది ఇల్లు నడిపింది ఆ మిషనే. చాలా ఏళ్ళకి వాళ్ళు తిరిగొచ్చేసినప్పుడు నాన్నగారు సామానంతా కలియజూసి, "మిషనేదమ్మా?" అన్నారు.

"నా దగ్గర నేర్చుకున్న పిల్లకిచ్చేశానన్నయ్యా. పనిలో ఉన్నదాన్ని ఎలా తీసుకొస్తాను?"

ఇప్పుడు నాన్నగారు లేరు, కొట్టూ లేదు. అత్త పోయి ఏడాది కావస్తోంది. విమానమెక్కేవాళ్ళు చిన్న కొక్కెం కాటాకి పెట్టెను తగిలించి ఇంట్లోనే తూచుకుంటున్నారు. తరుగంటే ఏంటని మా పిల్లలే నన్నడుగుతున్నారు. మొన్న మస్కట్ నుంచి, అత్త మిషను ఇచ్చిన ఆ శిష్యురాలు ఫోన్ చేసింది. అత్త గురించే మాట్లాడుకున్నాం. మాట్లాడినంతసేపూ వెనక మిషను నడుస్తూనే ఉంది. ఎవరు కుడుతున్నారని అడిగాను.

"నేర్చుకోడానికి కొత్తగా వచ్చిన అమ్మాయండి," అంది.