అధ్యక్షుడి టర్కీ కోడి, మా మొక్కు పుంజు

మా చిన్నప్పుడు... దీపాలు పెట్టే వేళకి మా పెదనాన్న వీధరుగు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చేతిలో చెక్క స్కేలు. ఎదురుగా చాప మీద మేం పిల్లలం, చేతులు కట్టుకుని...

"ఒసే, నువ్వు సెప్పు. పదవిలోకొచ్చిన నెలకే సచ్చిపోయిన అమెరికా అధ్యక్షుడెవుడు?"

తప్పు చెబితే వేళ్ల కణుపుల మీద స్కేలు పడేది. మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు పేరు అడిగితే తెల్లమొహం వేసేవాళ్లం గానీ, అమెరికా వాళ్ల పేర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం.

పెదనాన్నకి ఆమదాలవలసలో ఎరువుల కొట్టు ఉండేది. అక్కడి రైలు స్టేషన్లో కొన్న జనరల్ నాలెడ్జి పుస్తకం ఆయనకి వేదం. అమెరికా రెండో అధ్యక్షుడూ మూడో అధ్యక్షుడూ ఒకే ఏడు, ఒకే జూలై నాలుగున పోయారట. ఒకాయన ఆవు అధ్యక్ష భవనం ముందు పచ్చిక మేసేదట. ఇంకొకాయన పెంచిన చిలక, ఆయన అంత్యక్రియల్లో బూతులు లంకించుకుంటే బయటికి మోసుకుపోయారట... పేర్లు రాయను. అన్నీ వచ్చు. దెబ్బలతో వచ్చాయి కాబట్టి రాయబుద్ధి కావడం లేదు.

ఆవు సంగతి విని మా నాయనమ్మ ఒకసారి గుమ్మంలోంచే అంది... "మన సాలలో మూడున్నాయి. ఎవుడైనా వొచ్చి రాసుకున్నాడేట్రా?"

నాకు ఐదేళ్లప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు. నాయనమ్మ వేపమండ పట్టుకుని పక్కనే కూర్చుని, పిల్ల లేచి తిరిగితే ఊరి పండక్కి పుంజుని ఇస్తానని అమ్మవారికి మొక్కుకుంది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరి పేరున మొక్కారో వాళ్ల చేతి గింజలే ఆ కోడి తినాలి. అలా నేను లేచి కూర్చోగానే ఒక కోడిపిల్లని తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

ఎంత పాడు పద్ధతో చూడండి... కోయబోయేదాన్ని చిన్నపిల్ల చేత ముద్దుగా పెంచించడం!

మా ఊరి పండగ మూడేళ్లకోసారి. అంతవరకూ అది నా చేతి చోళ్లు, అదే రాగులు, తిని పెరిగింది. ఎర్రటి జుట్టు, మెడ నిండా బంగారు రంగు ఈకలు. గోడెక్కి ఊరంతా తనదే అన్నట్టు నడిచేది. ప్రెసిడెంటు అని పేరు పెట్టాను. బడి నుంచి వచ్చేసరికి వీధి మలుపు దాకా ఎదురొచ్చేది.

పండగ వారంలోకి వచ్చిందనగా పెదనాన్న కొత్త పాఠం చెప్పాడు. ఒక అధ్యక్షుడి చిన్న కొడుకు, పండగ భోజనానికి తెచ్చిన టర్కీ కోడితో స్నేహం కట్టాడట. దాన్ని కొయ్యొద్దని ఏడుస్తూ తండ్రి దగ్గరికి పరిగెత్తాడట. దేశాన్నేలే ఆ మనిషి పని ఆపుకుని, సరే బాబూ, బతకనీ అన్నాడట.

"సూసినారా... పెద్దోళ్ల మనసంటే అలాగుంటాది," అని పెదనాన్న కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. నేను నమ్మేశాను.

ముందు నాయనమ్మని అడిగాను. ఆవిడ పెదనాన్నని పిలిచింది. "నానే మొక్కినాను, నానే సెప్పుకుంటాను. గుమ్మడికాయ కొట్టీద్దాం రా. పసిదాని ఏడుపు ఆ తల్లికి తెలీదేటి?"

"ఆమదాలవలస నుంచి పెద్దమనుషులొస్తన్నారమ్మా! నాటుకోడి పులుసని సెప్పీసినాను. ఆళ్లకి గుమ్మడికాయ పులుసు పొయ్యమంతావేటి?"

అమ్మవారితో చిక్కు లేదు. చిక్కంతా పెద్దమనుషులతోనే.

పండగనాడు వాళ్లు దిగారు. అరుగు మీద కుర్చీలు, చేతుల్లో కాఫీలు. స్తంభానికి నా ప్రెసిడెంటు, కాలికి తాడుతో. పెదనాన్న నన్ను పిలిచి నిలబెట్టాడు. వాళ్ల ముందు ఆయన భాష కూడా మారిపోయింది. "చెప్పమ్మా, టర్కీ కోడి కథ చెప్పు," అన్నాడు.

చెప్పాను. పేర్లతో సహా, ఒక్క ముక్క వదలకుండా. చివర్లో స్తంభం వైపు చూపించి, "మన ప్రెసిడెంటుని కూడా ఒగ్గీ పెదనాన్నా..." అన్నాను.

అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. "పిల్ల భలే చురుకండీ!" అన్నారొకరు. పెదనాన్న మురిసిపోతూ నా వీపు తట్టి, "అంతా కరెక్ట్!" అని జేబులో పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

తర్వాత లేచి ఆయనే తాడు విప్పాడు.

మధ్యాహ్నం నా విస్తరిలో కార్జం వేశారు. మొక్కు నాది కాబట్టి అది నాకేనట. "తినమ్మా, ప్రసాదం," అన్నాడు పెదనాన్న, ఎముక జుర్రుకుంటూ. నాయనమ్మ నా విస్తరి ఎత్తి తీసుకుపోయింది. ఆ రోజు మేమిద్దరం వంటింట్లో మజ్జిగన్నం తిన్నాం.

మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెదనాన్న మళ్లీ అదే ప్రశ్న పెట్టాడు. ఏ అధ్యక్షుడి కొడుకు టర్కీ కోడిని బతికించాడు? అందరూ దండాలు, చప్పట్ల బొమ్మలు. నేను జవాబు పెట్టలేదు. "మరి మన కోడి సంగతేమిటి పెదనాన్నా?" అని అడిగాను.

వాయిస్ మెసేజి వచ్చింది... "ఏ కోడే అమ్మా? మనింట్లో కోళ్లకేటి లోటు?"

వాళ్ల ఆవులు గుర్తున్నాయి, చిలకలు గుర్తున్నాయి. మన అరుగు మీద తన చేత్తో తాడు విప్పింది గుర్తు లేదు!

నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఇప్పుడు మా ఊళ్లో మొక్కు కోడిని ఎవరూ పెంచడం లేదు. పండగనాడు పొద్దున్నే బజార్లో కొనుక్కొస్తున్నారు. దానికి పేరుండదు, వెనకాల ఏడ్చే పిల్లా ఉండదు. నయమే అనుకుంటాను గానీ... వీధి మలుపులో నాకోసం పరిగెత్తుకొచ్చే ఆ ఎర్ర జుట్టు గుర్తొస్తే ఏమీ తోచదు.

మీరూ పేరు పెట్టి పెంచుకున్నవి ఉంటే కింద రాయండి... వాటి పేర్లతో సహా రాయండి.

అన్నట్టు, పెదనాన్నకి ఎనభై దాటాయి. అంత్యక్రియల్లో బూతులందుకున్న ఆ చిలక కథ నేను మర్చిపోలేదు. ఆ రోజంటూ వస్తే నన్ను ముందే బయట నిలబెట్టమని మా వాళ్లకి చెప్పి ఉంచాను.