ఆల్చిప్పను తిట్టి రోడ్డున పడ్డాను

సముద్రం అడుగున, సూర్యుడి మొహం ఎరగని చీకట్లో బతికే ఒక ఆల్చిప్ప ఫిల్మ్‌నగర్‌లో నా కొంప ముంచింది. నవ్వండి, ఫరవాలేదు. నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో నేనొక పేరున్న మాటల రచయిత దగ్గర ఘోస్టుని. అంటే సీన్లు నావి, పేరు గురువుగారిది. "ఈ సినిమాకి టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తాన్రా" అని మూడు సినిమాలుగా ఊరించారు. నాలుగోదానికి అడిగితే, పకోడీ నములుతూ, "కార్డు నిండిపోయిందిరా. పేరుదేముంది, ముందు పని నేర్చుకో" అన్నారు. ఆ క్షణంలో నా నెత్తిన పిండి పోస్తే పెసరట్టు కాలేది.

సరిగ్గా అప్పుడే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత సైన్సు పత్రికలో చదివాను. సముద్రం లోతుల్లో వేడినీటి బుగ్గల పక్కన కొన్ని ఆల్చిప్పలుంటాయట. వాటి మొప్పల్లో బాక్టీరియా కాపురం. కుళ్లిన గుడ్డు కంపుకొట్టే వాయువుతో, ఎండ పొడ లేకుండానే అవి తిండి తయారు చేస్తాయి. ఆల్చిప్ప కూర్చుని తింటుంది. ఒక్కోసారి వండిపెట్టినవాళ్లనే అరిగించుకుంటుంది. అచ్చం మా గురువుగారే!

వెంటనే ఫ్యాక్టరీ యజమానిని హీరో నిలదీసే సీన్లో ఆ ఆల్చిప్పను దూర్చాను. గురువుగారు నా సీన్లు ముందుగా చదవరు. నిర్మాత ఎదుటే మొదటిసారి చదువుతారు, అదీ తానే రాత్రంతా కూర్చుని రాసినంత ఆవేశంగా. చదువుతూ చదువుతూ సిగ్గుతో చచ్చిపోతారని నా పథకం.

జూబ్లీహిల్స్‌లో నిర్మాత నర్సింహగారి ఆఫీసు. గురువుగారు ఎత్తుకున్నారు. "ఓ యజమానీ! చీకట్లో వండేది మేము, తినేది నువ్వు! నువ్వొక ఆల్చిప్పవి!"

బల్ల గుద్ది మరీ చదివారు. సిగ్గుతో కాదు, ఆవేశంతో! తిట్టు తనకేనని ఆయనకి తట్టనే లేదు.

నర్సింహగారు కళ్లు తుడుచుకున్నారు. "ఏం రాసినవ్ గురూ! పానం కదిలిపోయింది."

ఇక నావల్ల కాలేదు. లేచి అరిచాను. "రాసింది నేనండీ! ఆల్చిప్ప ఈయన, బాక్టీరియా నేను!"

"ఏంట్రా ఆ కూతలు?" అని గురువుగారు లేవబోతే నర్సింహగారు ఆపారు.

"జర ఆగు గురూ. ఏం తమ్మీ, గా ఆల్చిప్ప ఉత్తగనే తింటదా? బాక్టీరియాకు ఏమిస్తది?"

ఎంత కోపంలో ఉన్నా సైన్సులో అబద్ధం ఆడలేం కదా. "ఉండటానికి చోటిస్తుందండీ. కావలసిన వాయువు కూడా నీళ్లలోంచి లాగి అందిస్తుంది."

"మరి నువ్వేడుంటవ్?"

"మధురానగర్లో. గురువుగారి మేడమీద గదిలో."

"తిండి?"

"అమ్మగారు పెడతారండీ."

"రోజూనా?"

"ఆదివారం కోడికూర కూడా."

నర్సింహగారు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వారు. గురువుగారు మాత్రం నవ్వలేదు. చెయ్యి చాపి, "తాళంచెవి ఇటివ్వరా. ఆల్చిప్ప ఖాళీ చేయిస్తోంది" అన్నారు.

సాయంత్రానికి ట్రంకుపెట్టె, నేను రోడ్డు మీద. సినిమా విడుదలయ్యాక ఆ డైలాగుకి హాళ్లలో ఈలలు మోగాయి. తెర మీద పేరు మాత్రం ఆయనదొక్కటే. అది అన్యాయమని ఈ రోజుకీ అంటాను, ఎవరి ముందైనా అంటాను. అయితే ఆ ట్రంకుపెట్టె మీద చెయ్యి వేసి ఒక భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ ఆల్చిప్పనైనా సరే, వేరే గది చూసుకుని, సామాను చేరవేసి, ఆదివారం భోజనం కానిచ్చాకే తిడతాను.