బ్రేకంటే గిట్టని డ్రైవరు

డిపోలో ఆయన్ని అందరూ పిసినారి అనేవారు. ఇంటికి ఎవరొచ్చినా కడుపు నిండా పెట్టి పంపే మనిషికి ఆ బిరుదు రావడానికి కారణం డబ్బు కాదు, డీజిలు. బస్సు నడపడం అందరికీ వచ్చు. నడపకుండా నడిపించడం మాత్రం ఈయనకే వచ్చు. స్టాపు ఇంకా చాలా దూరం ఉండగానే యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసేసేవాడు. బస్సు తన ఊపు మీద తానే దొర్లుకుంటూ వచ్చి, అలసిన ఏనుగులా స్టాపు దగ్గర నిలబడేది. బ్రేకును చివర్లో మర్యాద కోసం ఒకసారి పలకరించేవాడు, అంతే.

"అంత డీజిలు తాగించి బండికి పరుగు ఇస్తామా, ఆ పరుగంతా తీసుకెళ్లి బ్రేకు దగ్గర వేడి చేసి గాలికి వదిలేస్తార్రా. పాలు కాచి పారబోసినట్టు" అని కొత్త డ్రైవర్లను కోప్పడేవాడు. తక్కువ డీజిలుతో ఎక్కువ దూరం నడిపినందుకు డిపో ఏటా ఒక గోడ గడియారం బహూకరించేది. ఇంటి గోడల నిండా గడియారాలే. ఏ రెండూ ఒకే వేళ చూపేవి కావు. "ఇవి కూడా ఆదా చేస్తున్నట్టున్నాయి" అనేది భార్య.

అలాంటి రోజుల్లో డిపోకి కరెంటు బస్సులు వచ్చాయి.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఇంజనీరమ్మకు ఆయన కూతురి వయసు ఉంటుంది. "బాబాయ్ గారూ, మీరు పెడల్ మీద కాలు తీయగానే మోటారే జనరేటరు అయిపోతుంది. బండి పరుగును కరెంటుగా మార్చి బ్యాటరీకి తిరిగి పంపిస్తుంది. అందుకే బండి దానంతటదే నెమ్మదిస్తుంది."

"అంటే దొర్లదామ్మా?"

"దొర్లదండీ. ఆగుతుంది. మనకి లాభమే కదా."

లాభమే. జన్మంతా ఏ బ్రేకును దొంగ అని తిట్టాడో, ఆ దొంగే ఇప్పుడు ఖజానా అధికారిగా వచ్చి కూర్చున్నాడు. తల ఈ సంగతి వెంటనే ఒప్పుకుంది. కాలు ఒప్పుకోలేదు. సర్వీసులో అది తలకంటే సీనియరు.

మొదటి రోజు కాలు అలవాటైన చోటే లేచింది. బస్సు స్టాపుకు బాగా ఇవతల ఆగిపోయింది. ఎక్కాల్సినవాళ్లు బస్సును చూశారు, బస్సు వాళ్లను చూసింది. ఇరుపక్షాలూ కదల్లేదు.

"బావా, వాళ్లని ఇక్కడికి పిలవమంటావా, మనమే వెళ్దామా?" అన్నాడు కండక్టరు. అతను స్వయానా బావమరిది.

"వెళ్తున్నాగా."

"నిదానంగానే వెళ్దాంలే. వాళ్లెక్కడికి పోతారు, బస్సు లేనివాళ్లు."

వారాలు గడిచినా కాలు మారలేదు. మేనేజరు పిలిపించి, శుక్రవారం ఇన్‌స్పెక్టరు బస్సెక్కి చూస్తాడనీ, కుదరకపోతే గేటు డ్యూటీ అనీ చెప్పాడు. వచ్చే పోయే బస్సులకు అడ్డకర్ర ఎత్తడం. జీతం అదే. చేతిలో స్టీరింగే ఉండదు. ఆయనకు స్టీరింగు తప్ప మరొకటి పట్టుకోవడం రాదు.

ఇంట్లో కుర్చీలో కూర్చుని, పాత చెప్పు మీద కాలు ఆనించి సాధన మొదలుపెట్టాడు.

"ఏం తొక్కుతున్నారు?" అంది భార్య.

"తొక్కడం కాదే. ఎత్తకుండా ఉండటం నేర్చుకుంటున్నా."

"బాగానే ఉంది. కుర్చీ కూడా పద్ధతిగా అక్కడే ఉంది."

శుక్రవారం ఇన్‌స్పెక్టరు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. తొలి స్టాపులన్నీ చక్కగా గడిచాయి. డ్రైవరు నోట్లోనే "ఇప్పుడే కాదు, ఇప్పుడే కాదు" అని కాలిని బతిమాలుకుంటూ నడిపాడు. తర్వాత ఆసుపత్రి గోడ పక్కన తిన్నటి రోడ్డు వచ్చింది. ఎన్నో ఏళ్లు బస్సును హాయిగా దొర్లించిన రోడ్డు.

కాలు లేచింది. పరాయి మనిషెవరో చెప్పకుండా లేచి వెళ్లిపోతుంటే చూసినట్టు, ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. బస్సు ఆ గోడ పక్కనే, స్టాపుకు బాగా ఇవతల నిలబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ముందున్న తెర మీద ఒక పచ్చ గీత పైకి పాకి, తిరిగొచ్చిన కరెంటును వినయంగా చూపించింది.

"మీ గురించి చాలా విన్నానండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "మా నాన్న కూడా డ్రైవరే. మీ దగ్గరే నేర్చుకున్నాడు."

"ఇక్కడే దిగుతారా సార్?"

"పోనివ్వండి. స్టాపులో జనం ఉన్నారు. సోమవారం నుంచి గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను."

ఆయన పెడల్ నొక్కాడు. మిగిలిన దూరం నడిపి, స్టాపుకు సరిగ్గా ఎదురుగా ఆపాడు. తలుపులు తెరుచుకున్నాయి.

"ఎంత మెత్తగా ఆపాడో చూడు" అంది ఎక్కుతున్న ఒకామె, వెనకనున్నామెతో.

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.