మూడు గీతలు, ఒక చుక్క

గ్రీన్‌కార్డ్ వచ్చాక, డాలస్ పక్కన ప్లేనోలో మావాళ్లంతా పెద్ద ఇళ్లు కొన్నారు. నేను తుపాకులు కొన్నాను. కాల్చడానికి కాదు. యుద్ధాలన్నీ అయిపోయాక గన్ షోల్లో టేబుళ్ల మీద వరసగా పడుకున్న పాత మిలటరీ రైఫిళ్లు. ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తొయ్యాల్సిన రకం. రష్యాదొకటి, స్వీడన్‌దొకటి, టర్కీదొకటి. గరాజ్‌లో నేను కట్టించిన బీరువా చూస్తే ఐక్యరాజ్యసమితి అక్కడే సమావేశమయ్యేలా ఉండేది. దాని ధర్మమా అని మా ఆవిడ కారు బయట వడగళ్ల దెబ్బలు తిని, ఒళ్లంతా స్ఫోటకం మచ్చలతో తిరిగేది.

వాటన్నిటిలో నా ప్రాణం త్రీ నాట్ త్రీ. చిన్నప్పుడు పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ భుజాన చూసిన బాపతే. కలకత్తా దగ్గర తయారై, ఎన్ని చేతులు మారిందోగానీ, డాలస్‌లో గొడుగంత టోపీ పెట్టుకున్న ఓ తాతగారి టేబుల్ మీద దొరికింది. భుజానికి ఆనే చెక్క మీద, మేకుతో గీకినట్టు మూడు గీతలు, ఒక చుక్క. వాటికి నేను కట్టిన కథ మొదట చిన్నదే, ముగ్గురు శత్రు సిపాయిలు. తలో వంటకం తెచ్చుకునే మా పాట్‌లక్‌ విందులు గడిచేకొద్దీ సిపాయిలు కల్నళ్లయ్యారు, చుక్క జనరల్ అయింది. బిర్యానీ బాగా కుదిరిన రోజున జనరల్ ఏనుగెక్కి కూడా వచ్చేవాడు.

ఆ వేసవిలో మామగారు వచ్చారు. రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. మాట్లాడరు. పెళ్లిచూపుల్లో నన్నడిగిన ఒకే ప్రశ్న, "మీ బస్సు ఎన్నింటికి?" ప్లేనోలో పొద్దస్తమానం పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన చూస్తుండగా ఫెన్స్ మీద ఉడతలు క్యూలో నడిచేవి.

ఓ శనివారం గెస్టులకి ఏనుగు కథ చెప్పి పంపించాక, ఆయన గరాజ్‌లోకొచ్చి చెయ్యి చాపారు. రైఫిల్ ఇచ్చాను. బోల్ట్ లాగి, చిటికెనవేలు లోపల పెట్టి ఖాళీయేనని చూసుకున్నారు. బొటనవేలు నేరుగా ఆ గీతల మీదికెళ్లింది.

"ఇది జనరలు కాదు అల్లుడుగారూ."

"మరి?"

"ఎవరో కానిస్టేబులు. పొద్దున డ్యూటీకెళ్తే తుపాకులన్నీ గొలుసేసి వరసగా ఉంటాయి. చూట్టానికన్నీ ఒకటే. కానీ ఒకదాని బోల్టు వెన్నలా జారిపోద్ది, ఇంకోటి గేదెలా మొండికేస్తది. మంచిది తగిలినోడు ఇట్టా గుర్తు పెట్టుకునేవోడు. సర్కారు చెక్క గీకావని దొరికితే గ్రౌండు చుట్టూ పరుగే."

"మీరూ పెట్టారా మామయ్యగారూ?"

నవ్వారు. ఆయనకి పళ్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

"పెట్టాను."

"ఏం గుర్తు?"

"నోటితో చెప్తే మీ దగ్గర ఏనుగైపోద్ది. దసరా పూజ వెళ్లనీండి. ఇక్కడే గీసి చూపిస్తా, ఈయన పక్కన."

చెక్క మీద గోరు పెట్టనివ్వకూడదన్నది మా కలెక్టర్ల నియమం. ఆయనకి మేకు ఇవ్వడానికైనా నేను సిద్ధమే. ఆ రోజు నుంచి సాయంత్రం టీ గరాజ్‌లోనే. ఆయన ఒళ్లో రైఫిల్, గీతల మీద బొటనవేలు. ఉడతలకి సెలవు.

దసరాకి జెర్సీ సిటీ నుంచి మా బావమరిది దిగాడు. వాడుండే టవర్‌లో మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి, అందుకని మా ఇంటికొస్తే ఇల్లు పీకి పందిరెయ్యందే ఊరుకోడు. ఆయుధ పూజకి మావాళ్లు కార్లకీ, లాప్‌టాప్‌లకీ, వాక్యూమ్ క్లీనర్లకీ బొట్లు పెట్టుకుంటారు. నిజం ఆయుధాలున్నది మా ఇంట్లోనే గనక ఊరంతా మా ఇంటికే. పొద్దున నేనూ, మా ఆవిడా బంతిపూలకీ, గుమ్మడికాయకీ ఇండియన్ షాప్‌కెళ్లాం. తిరిగొచ్చేసరికి గరాజ్ నిండా వార్నిష్ వాసన.

"బావా, సర్‌ప్రైజ్. పూజలో పెట్టేది అంత మాసిపోయి ఉంటే ఏం బావుంటుంది? ఆ పిచ్చి గీతలు పోగొట్టేసరికి చేతులు పడిపోయాయనుకో."

కింద ఉప్పు కాగితం ముక్కలు, చెక్క పొడి. త్రీ నాట్ త్రీ డైనింగ్ టేబుల్‌లా మెరుస్తోంది. పాత తుపాకుల లోకంలో హత్యకైనా క్షమాపణ ఉందిగానీ దీనికి లేదు. కానీ వాడి అరచేతుల్లో బొబ్బలు. పండక్కి ఇంట్లో ఇత్తడి తోమినట్టే తోమాడు. ఏమంటాను? "కష్టపడ్డావురా" అన్నాను.

మామగారు స్నానం చేసి, పంచె కట్టుకుని వచ్చారు. రైఫిల్‌కి బొట్టు పెట్టారు. బొటనవేలు అలవాటుగా తన చోటికెళ్లి, అక్కడ ఆగిపోయింది.

"బాగా చేశావురా," అన్నారు కొడుకుతో.

అందరూ వెళ్లాక మేకు పట్టుకుని ఆయన దగ్గరికెళ్లాను. "మామయ్యగారూ, మీ గుర్తు..."

"ఇప్పుడెందుకులెండి. ఆయన లేడుగా పక్కన."

మర్నాటి నుంచి సాయంత్రం టీ మళ్లీ పెరట్లోనే. చలి ముదరకముందే ఇండియా వెళ్లిపోయారు. ఆ పై ఏడాది పోయారు. ఆ గుర్తేంటో మా ఆవిడకి తెలీదు, బావమరిదికీ తెలీదు. అసలు అలాంటిదొకటుందని కూడా వాళ్లకి నేనే చెప్పాల్సొచ్చింది.

మిగతా దేశాలన్నిటినీ అమ్మేశాను. మా ఆవిడ కారు లోపలికొచ్చింది. త్రీ నాట్ త్రీని మాత్రం ఉంచుకున్నాను. పాట్‌లక్‌కి వచ్చినవాళ్లు ఏనుగు కథ చెప్పమంటారు. ఇక్కడ ఎవరో కానిస్టేబుల్ పెట్టుకున్న గుర్తు ఉండేదండి అంటాను. "అంతేనా?" అంటారు. పక్కన ఇంకోటి రావాల్సిందని చెప్పబోతాను. అదెలా ఉండేదని అడుగుతారని, చెప్పకుండా బీరువా మూసేస్తాను.