తొడిమల షెడ్డులో సగం కథ

నా గొంతులో మాటను, ఆ మాట వెనుక ఊపిరిని ఉంచిన దేవునికి స్తోత్రం. అడిగినప్పుడల్లా నెమ్మదిని ఇవ్వక, ఇవ్వకపోవడం ద్వారా కూడా నన్ను నడిపించినవాడికే మహిమ. ఆయనను తలచుకోకుండా సుభద్ర గారి గురించి మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఆమెను నా దగ్గరకు పంపింది ఆయనేనని నమ్ముతాను. ఆమె మాత్రం జిల్లా ఆఫీసు వాళ్ళు బదిలీ చేస్తే వచ్చానని అనేవారు.

మొన్న ఉదయం నేను పనిచేసే శాఖా గ్రంథాలయంలో, తిరిగి వచ్చిన పుస్తకాలను సర్దుతున్నాను. ఒక నవల కుట్టు ఊడిందేమోనని పేజీలు తిరగేసి, చెమట తుడుచుకుంటూ కన్ను రుద్దుకున్నాను. రెప్ప కింద నిప్పు పెట్టినట్టయింది. నీళ్ళ కుండ దగ్గరకు పరుగెత్తి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటుంటే, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఏమైందోనని లేచి నిలబడ్డారు. "ఏం లేదు నాన్నా, ఎవరో మిరపకాయల పని చేసి వచ్చి చదివారు" అన్నాను. మంట కాసేపటికి తగ్గింది. లోపల కదిలింది మాత్రం సర్దుకోలేదు. మధ్యాహ్నం దాకా కూర్చోలేక, నిలబడలేక, సర్దిన అరనే మళ్ళీ మళ్ళీ సర్దుతూ ఉన్నాను. సుభద్ర గారైతే ఆ పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "దీన్ని నిజంగా చదివారు" అని సంబరపడి ఉండేవారు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. గుంటూరుకూ మార్టూరుకూ మధ్య, పత్తి చేలూ మిరప చేలూ చుట్టుముట్టిన చిన్న టౌను మాది. నాన్న ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఆయనకు చూపు మందగించడంతో ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడం నా వంతైంది. చిన్నప్పటి నుంచి వాక్యం మధ్యనే పెరిగిన దాన్ని కాబట్టి అది నాకు కష్టం కాలేదు. నిజం చెప్పాలంటే, ఆ కాసేపే నా మనసు ఒక చోట నిలిచేది. సోమవారం నుంచి మళ్ళీ కాలు నిలిచేది కాదు. గుంటూరులో డిగ్రీ పూర్తిచేసి వచ్చాను, ఉద్యోగం లేదు, ఏం చేయాలో తెలియదు. ఉద్యోగ ప్రకటనల కోసం ఉదయం లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఉదయం లేనివి సాయంత్రానికి పుట్టుకొస్తాయన్నట్టు సాయంత్రం మళ్ళీ వెళ్ళేదాన్ని. అక్కడ పుస్తకాలన్నీ తాళాలు వేసిన బీరువాల్లో ఉండేవి. అద్దంలోంచి చూసి పేరు చెబితే తీసి ఇచ్చేవారు. ఆ అద్దాలను తుడిచి ఎన్నేళ్ళయిందో, పేర్లు కనిపించేవి కావు. అందుకని అందరూ పేపర్లే చదివేవారు.

సుభద్ర గారు లైబ్రేరియన్‌గా వచ్చిన మొదటి రోజే ఆ తాళాలన్నీ తీసి ఒక సొరుగులో పడేశారు. నలభై దాటిన మనిషి, నేత చీర, చప్పుడు చేసే చెప్పులు. కుర్చీలో కుదురుగా కూర్చోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. "పుస్తకాలు పోతాయమ్మా" అని రిటైరైన కోటయ్య మాస్టారు హెచ్చరించారు. "పోనివ్వండి మాస్టారూ. ఇన్నాళ్ళూ ఎక్కడికీ పోలేదనేగా నా బాధ" అన్నారామె. తలుపు పక్కన అందరి చూపులూ పడే చోట ఉన్న ఆడవాళ్ళ బల్లను కిటికీ దగ్గరకు జరిపించారు. కూలికి వెళ్ళేవాళ్ళు అన్నం తినే వేళకు కూడా తలుపులు తెరిచి ఉంచడం మొదలుపెట్టారు. అన్నీ ఫలించాయని కాదు. పేపరును నలుగురూ నాలుగు ముక్కలుగా పంచుకుంటున్నారని, దాన్ని విడదీయకుండా గోడకు అద్దాల పెట్టెలో బిగించారు. మర్నాడు మాస్టారు ఆ పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడి, "బాగుందమ్మా. మరి రెండో వైపు చదవాలంటే గోడ అవతలికి వెళ్ళాలా?" అని అడిగారు. అందరికంటే ముందు పకపకా నవ్వింది ఆమే. ఆ సాయంత్రమే పెట్టె ఊడదీశారు.

ఆమెను అన్నిటికంటే బాధపెట్టింది కిటికీ దగ్గరి ఖాళీ బల్ల. లైబ్రరీకి ఎదురుగా, రోడ్డుకు అవతల, మిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డు ఉండేది. ఎర్రటి కాయల గుట్టల చుట్టూ ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని పొద్దస్తమానం తొడిమలు తుంచేవారు. దారిన పోయేవాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని తుమ్ముకుంటూ పోతే, లోపలివాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకునేవారు. వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు కొందరున్నారు. సుభద్ర గారు వెళ్ళి పిలిస్తే ఒకామె వచ్చి పుస్తకం తీసుకెళ్ళింది. ఆ పుస్తకం ఆమె తర్వాత కోటయ్య మాస్టారి చేతికి వెళ్ళింది. మర్నాడు ఆయన తడి తువాలు కంటికి అదుముకుని వచ్చారు.

"ఏమ్మా సుభద్రా, ఈ పుస్తకం నన్ను కరిచింది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఆ షెడ్డు వాళ్ళకి ఇస్తే ఇంతే. ఇక ఇవ్వొద్దు."

"ఇవ్వొద్దంటే ఎట్లాగండీ మాస్టారూ? మీరు పొద్దున తిన్న పచ్చడిలో కారం మాత్రం వాళ్ళ చేతి మీదుగా రాలేదా?" అన్నారామె. అన్నారే కానీ ఆయన కన్ను నిజంగానే వాచి ఉంది. గుమ్మం దగ్గర సబ్బు పెట్టించారు. కారం సబ్బుకు లొంగలేదు. కొబ్బరినూనె పెట్టించారు. మంట తగ్గింది, పేజీలన్నీ నూనె మరకలయ్యాయి. షెడ్డులో పెద్దామె అంకమ్మ తన అరచేతులు చాపి, "వదిలెయ్ తల్లీ. ఈ చేతులతో మా పిల్లల్నే ఎత్తుకోం, నీ పుస్తకాన్నేం ఎత్తుకుంటాం?" అంది.  మర్నాడు నేను పేపరు చూస్తుంటే సుభద్ర గారు వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"పుస్తకం వాళ్ళ చేతికి వద్దు కరుణా, చెవికి ఇద్దాం. నువ్వు వెళ్ళి చదువు."

"నేనా అండీ?"

"ఆదివారం మీ మైకు మా ఇంటి దాకా వినపడుతుంది. సౌండు తగ్గించమని చెబుదామని ఒకసారి మీ మందిరం దాకా వచ్చాను. నువ్వు చదువుతున్నావు. విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాను."

నాకు ఆనందమూ భయమూ ఒకేసారి కలిగాయి. దేవుని మాట చదివే నోటితో కల్పించిన కథలు చదవవచ్చా? ప్రార్థనలో పెట్టి అడిగాను. జవాబు రాలేదు. ఆ మాటే ఆమెతో చెబితే, "సరే, జవాబు వచ్చేదాకా చదువుతూ ఉండు" అన్నారు.

మొదటి రోజు రైలు స్టేషనులో కొడుకు తప్పిపోయిన ఒక తల్లి కథ పట్టుకుని వెళ్ళాను. గొంతులో ఘాటు దిగి దగ్గు ఆగలేదు. నీళ్ళు తాగి మొదలుపెట్టాను. రెండు పేజీలయ్యాక తలెత్తి చూస్తే, నలుగురైదుగురు తల మీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆపగానే ఒకామె "ఆమెన్" అంది. షెడ్డంతా గొల్లున నవ్వింది. అంకమ్మ నవ్వలేదు. "ఏందమ్మాయ్, ఆ తల్లి బిడ్డ కనపడక గుండెలు బాదుకుంటుంటే నువ్వు పెళ్ళి దీవెన చదివినట్టు చదువుతావేంది?"

సిగ్గుతో లైబ్రరీకి తిరిగి వచ్చాను. సుభద్ర గారు అంతా విని, పుస్తకాల దుమ్ము దులుపుతూనే చెప్పారు. "వాక్యం చదివేటప్పుడు చివర ఏమవుతుందో నీకు ముందే తెలుసు. ఆ నిశ్చింత నీ గొంతులో ఉంటుంది. ఇక్కడ నీకూ తెలియదన్నట్టు చదువు. ఇంకొకటి, కథ గట్టిగా పట్టుకున్న చోట ఆపేసి వచ్చేయ్. ఎంత బతిమాలినా చెప్పకు."

ఆమె చెప్పినట్టే చేశాను. రైలు కదులుతుండగా కిటికీలో కొడుకు లాంటి ముఖం కనబడి ఆ తల్లి పరుగెత్తే చోట పుస్తకం మూశాను. "ఎక్కిందా లేదా చెప్పి కదులు" అని అంకమ్మ నా పమిట పట్టుకుంది. "దీనికి కూలి కూడా తెగ్గోసుకుని చెవులప్పగించామే, ఇంత మోసమా?" అని ఇంకొకామె. షెడ్డుకు సెలవు రాగానే చదువు వచ్చినవాళ్ళు తలంటు పోసుకుని, చేతుల ఘాటు వదిలేదాకా రుద్దుకుని లైబ్రరీకి వచ్చారు. కిటికీ దగ్గర బల్ల నిండింది. మిగతా కథ తెలుసుకుని వెళ్ళినవాళ్ళను అంకమ్మ అంతకంటే గట్టిగా బెదిరించింది. "చదివినోళ్ళు నోరు మూసుకోండి. నేను కరుణమ్మ నోటనే వింటాను."

ఈ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. సంఘ పెద్దలు నాన్నను కలిశారు. పాస్టరు గారి అమ్మాయి షెడ్డులో కథలు చదువుతుంటే, అదే గొంతుతో మందిరంలో వాక్యం ఎట్లా వింటామన్నారు. నాన్న కోపం చేసుకునే మనిషి కాదు. భోజనం దగ్గర చెయ్యి కడుక్కోకుండానే, "ఆదివారం లోపల తేల్చుకో అమ్మా. మందిరంలో చదువుతావా, షెడ్డులో చదువుతావా" అన్నారు. నా మనసు నిలిచే ఒకే ఒక చోటు మందిరం. నేను పనికివస్తానని నాకు తెలిసిన ఒకే ఒక చోటు షెడ్డు. ఏది వదులుకున్నా నాలో సగం పోతుంది. మోకాళ్ళ మీద ఉండి కూడా ప్రార్థన కుదరలేదు. పెదవులు కదులుతుంటే చెవుల్లో ఆ రైలు చప్పుడే వినిపించేది. శనివారం సుభద్ర గారి దగ్గరకు వెళ్ళి, నన్నేం చేయమంటారని అడిగాను.

"నీ బదులు నేను తేల్చను. మీ నాన్నగారు ఎప్పుడైనా వచ్చి విన్నారా?"

"లేదండీ."

"వినకుండా తీర్పు చెప్పమని మీ దేవుడు అన్నాడా?"

"అనలేదండీ."

"మరి తీసుకురా."

ఇంటికి వెళ్ళి అడిగాను. ఎందుకో నాన్న కాదనలేదు. ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. షెడ్డులో ఆయన కోసం సుభద్ర గారు కుర్చీ వేయించారు. ఆయన కుర్చీ వద్దని గోనె సంచి మీద, వాళ్ళతో పాటే కూర్చున్నారు. ఘాటుకు కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తువాలుతో ఒత్తుకుంటూ, తల వంచుకుని విన్నారు.  మందిరంలో చదివినట్టు చదివితే ఆయన మెచ్చుకుంటారేమోనని ఒక్క క్షణం ఆశ పుట్టింది. అంకమ్మ ముఖం చూశాను. ఆ తల్లికి ఏమవుతుందో నాకూ తెలియదన్నట్టే చదివాను. ఊరు కాని ఊళ్ళో ఒక ఇంటి ముందు ఆమె నిలబడి, లోపల కొడుకు గొంతు విని, తలుపు తట్టడానికి చెయ్యెత్తిన చోట ఆపేశాను. ఎవరూ తొడిమ తుంచడం లేదు. తర్వాత నా మీద తిట్ల వాన కురిసింది.

  ఇంటికి నడుస్తూ నాన్న మా సందు మలుపు దగ్గర ఆగారు.

"ఇంతకీ తలుపు తీసింది ఆ పిల్లాడేనా?"

"చెప్పకూడదు నాన్నా. మేడమ్ గారు ఒప్పుకోరు."

"నాకు కూడానా?"

"మళ్ళీ చదివేటప్పుడు రావాలి."

 మర్నాడు ఆరాధనలో నాన్న ఎప్పటిలాగే నా పేరు పిలిచారు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను చదివి కూర్చున్నాక ఆయన ప్రసంగం మొదలుపెడుతూ, "ప్రభువు కూడా జనానికి కథలే చెప్పాడు. కొన్నింటిని చివర ఏమైందో చెప్పకుండా వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో నాకు నిన్న ఒక షెడ్డులో తెలిసింది" అన్నారు. అంతకుమించి దాని గురించి మాట్లాడలేదు. షెడ్డులో ఆ గోనె సంచి మాత్రం ఆయనదైపోయింది. "పాస్టరు గారొచ్చారు, జరగండే" అని అంకమ్మ చోటు చేసేది.

కొన్నాళ్ళకు సుభద్ర గారికి మళ్ళీ బదిలీ అయింది. వెళ్ళే రోజు సొరుగులోని తుప్పు పట్టిన తాళాలను నా చేతిలో పెట్టి, "వీటిని ఎవరికీ ఇవ్వకు" అన్నారు. మీ గురించి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతున్నారండీ అన్నాను. ఆమెకు ఎవరున్నారో, ఒంటరిగా ఊళ్ళు ఎందుకు తిరుగుతున్నారో నాకు నిజంగానే తెలియదు. చెప్పులు వేసుకుంటూ, "ఇక్కడ ఆపడమే మంచిది కరుణా" అని నవ్వి బస్సెక్కారు. ఆ తర్వాత ఆమె ఎక్కడున్నారో కనుక్కోవాలని ప్రయత్నించాను. ఒకరు ఒక ఊరన్నారు, ఇంకొకరు ఇంకో ఊరన్నారు. ఈ ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు చెప్పుకోలేకపోయాను.

ఇప్పటికీ ఆదివారం వాక్యం చదువుతాను. ఆమె నేర్పినట్టే, చివర తెలియదన్నట్టు చదువుతాను. అలా చదివితే ఎన్నోసార్లు విన్న మాట కూడా నన్ను కుదిపేస్తుంది. మొన్న కంటిని మండించిన ఆ నవలను తుడవకుండా అరలో పెట్టాను. కానీ దాని మీద చిన్న చీటీ అతికించాను, కళ్ళు రుద్దుకోవద్దని. ఒకప్పుడు నాలోని ఈ కుదురులేనితనాన్ని తీసివేయమని దేవుణ్ణి అడిగేదాన్ని. ఇప్పుడు అలా అడగను. చదువరులారా, మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచినా సరే, ఒక్క క్షణం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, సుభద్ర గారు ఏ ఊళ్ళో ఉన్నా ఆమె ముందు తలుపులు తెరిచి ఉంచు. మండే చేతులకు పుస్తకం అందేదాకా మమ్మల్ని ఊరికే కూర్చోనివ్వకు. ఆమెన్.