బాపు వేసిన కందెన

ఆ రోజుల్లో సైకిలు దూరం తొక్కాలంటే కాళ్లలో బలముంటే చాలనుకునేవాణ్ని. ముందు ఇంట్లోవాళ్లను తట్టుకోవాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. జహీరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆదివారాలు బీదర్ దాకా సైకిళ్ల మీద పోయివచ్చే జట్టొకటి మా ఆఫీసులో ఉండేది. దానికి నాయకుడు హెల్మెట్ సార్ (క్యాంటీన్‌లో చాయ్ తాగేటప్పుడు కూడా తీసేవాడు కాదు). "నీతోని అయితదా తమ్మీ? మార్కెట్‌కు పోయొస్తెనే దమ్ము తీస్తవ్" అని నలుగురిలో అనేశాడు. నాకు ఒళ్లు మండింది. బీదర్ కోట ముందు ఆయన పక్కనే నిలబడి ఫోటో దిగకపోతే చూడమని పంతం పట్టాను.

ఇక రోజూ తెల్లారకముందే లేచి మొగుడంపల్లి దారిలో తొక్కాను. టైర్లు మార్పించాను, బ్రేకులు బిగించాను, సీటు ఎత్తు సరిచేశాను. ఇంట్లో ఎవరికీ ఇవి ఏర్పాట్లుగా కనబడలేదు. "తొవ్వల ఆకలైతది బిడ్డా" అంటూ అమ్మ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డలు, చివరికి దుప్పటి కూడా మూటకట్టింది (బీదర్‌లో చలి ఎక్కువట!). నేను ఒక్కొక్కటే తీస్తుంటే ఆమె ఒక్కొక్కటే మళ్లీ పెట్టేది. మా బాపు (నాన్నను అలాగే పిలిచేవాళ్లం) వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండి మీద చెరుకు తోలిన మనిషి. బండి కదలాలంటే ముందు ఇరుసుకు ఆముదంతో కందెన వేయాల్సిందే. "గంత దూరం పోతున్నవ్, కందెన ఏసినవారా?" అనడిగాడు. చైనుకు వేశానన్నాను. "చైనుకేనా?" అని నా వైపు జాలిగా చూశాడు. నేను పట్టించుకోకుండా పోయి పడుకున్నాను.

పొద్దున సైకిలు నిగనిగలాడుతోంది. బాపు తుడిచిపెట్టాడని మురిసిపోయాను కూడా! జట్టంతా హైవే పక్కన నిలబడి ఉంది. నేను ఊపుగా వచ్చి వాళ్ల ముందు బ్రేకు నొక్కాను. ఆగలేదు. గట్టిగా నొక్కాను. ఇంకా హాయిగా పోయింది. "ఆపు! అరే, ఆపు!" అని హెల్మెట్ సార్ అరుస్తుండగానే ఆయన కొత్త సైకిలును గుద్దేసి చెరుకు తోటలో పడ్డాను. లేచి చూస్తే చక్రాల అంచులకు, బ్రేకు రబ్బర్లకు, ఆఖరికి సీటుకు కూడా ఆముదమే. సైకిలుకు ఇరుసెక్కడో తేలక, ఎందుకైనా మంచిదని బాపు అంతటా పూసేశాడు. హెల్మెట్ సార్ చక్రాన్ని వేలితో తాకి వాసన చూశాడు. "ఇంటికి పో తమ్మీ. బ్రేకులు లేనోన్ని నేను తోల్కపోను" అన్నాడు. జట్టు వెళ్లిపోయింది.

బాపును ఏమేమి అనాలో దారి పొడవునా కూర్చుకుంటూ సైకిలు నడిపించుకొచ్చాను. ఆయన వాకిట్లో చాయ్ తాగుతున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. "అబ్బో! గప్పుడే బీదర్ పోయొచ్చినవారా? సూసినవా, కందెన ఏస్తె గట్లుంటది!"

 "అవ్ బాపూ" అని స్నానానికి పోయాను.

తర్వాత బీదర్‌కు చాలాసార్లే తొక్కాను. ఆ ఫోటో కూడా దిగాను, ఇప్పుడెక్కడుందో తెలియదు. బాపు లేడు. ఆనాటి కోపం వెతికినా దొరకదు, ఆయన ముఖంలో వెలుగు మాత్రం అలాగే గుర్తుంది. మొన్న మా అమ్మాయి స్నేహితులతో బీదర్‌కు సైకిలు మీద బయల్దేరుతానంది. తను లోపల బ్యాగు సర్దుకుంటుంటే, చైనుకు రెండు చుక్కలు వేద్దామని నూనె సీసా పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వచ్చాను. ఇంకా మూత కూడా తీయలేదు.

"డాడీ! నా సైకిల్ ముట్టుకోకు!" అని లోపలి నుంచి కేక వినబడింది.